ఒకే పెట్టె, రెండు బండ్లు

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. "యంత్రాల గురించి ఏదైనా చెప్పండి, పిల్లలకు కూడా అర్థం కావాలి" అన్నారు. అందుకని ఆటబొమ్మల గురించి మాట్లాడతాను. నవ్వకండి. స్వర్ణోత్సవ నిధిలోంచి సైన్సు గదికి యంత్రాల నమూనా కిట్లు కొనాలని మన సంఘం అనుకుంటోంది. ఏవి కొనాలనే మాట మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో వస్తుంది. డబ్బు మనందరిదీ. ఆ చర్చకు పనికొచ్చే నాలుగు మాటలు ఇప్పుడే మీ ముందు పెడతాను. ముప్పై ఏళ్లు గేర్‌బాక్సులతో కుస్తీ పట్టినవాణ్ని, ఇప్పుడు మనవరాలితో కలిసి ఈ బొమ్మలు కడుతున్నవాణ్ని, కాబట్టి ఈ మాత్రం చనువు తీసుకుంటున్నాను.

లెగో సంగతి పిల్లలకు చెప్పక్కర్లేదు, పెద్దల కోసం చెబుతాను. డెన్మార్క్‌లో బిల్లుండ్ అనే చిన్న ఊళ్లో ఓలే కిర్క్ క్రిస్టియాన్సెన్ అనే వడ్రంగి 1932లో మొదలుపెట్టిన బొమ్మల కంపెనీ అది. ఇవాళ మనం చూసే ప్లాస్టిక్ ఇటుకకు 1958లో పేటెంటు దరఖాస్తు చేశారు. 1977లో ఇటుకలకు గేర్లు, ఇరుసులు, పిస్టన్లు జోడించి కాస్త పెద్ద పిల్లల కోసం వేరే వరస తెచ్చారు. తర్వాత దానికి టెక్నిక్ అని పేరు స్థిరపడింది. ఇందులో కార్లు, క్రేన్లు, లోడర్లు, లారీలు ఉంటాయి. స్టీరింగ్ తిప్పితే చక్రాలు తిరుగుతాయి. బండిని తోస్తే ఇంజన్లో పిస్టన్లు పైకీ కిందికీ ఆడతాయి.

ఈ వరసలో చాలా పెట్టెలకు ఒక విశేషం ఉంది. పెట్టె మీద పెద్దగా కనిపించే బండి ప్రధాన నమూనా. దాన్ని అభిమానులు ఏ మోడల్ అంటారు. దాన్ని పూర్తిగా విప్పేసి, అవే ముక్కలతో ఇంకో బండి కట్టుకోవచ్చు. అది ప్రత్యామ్నాయ నమూనా, అంటే బీ మోడల్. కొత్తగా ఒక్క ముక్క కూడా కొననక్కర్లేదు. ఒకప్పుడు దాని కాగితాలు కూడా పెట్టెలోనే వచ్చేవి. తర్వాత తర్వాత నెట్‌లోంచి దింపుకోవలసి వచ్చింది.

మన ఇళ్లలో ఇది కొత్త కాదు. అమ్మ పట్టుచీర పాతబడితే చెల్లెలికి పరికిణీ అయ్యేది. జరీ అంచు ఎక్కడ రావాలో చూసుకుని దర్జీ గుడ్డ కత్తిరించేవాడు. ముంజెలు తినేసిన తాటికాయలు చక్రాలై, వాటికో వెదురు కర్ర తగిలిస్తే బండి అయ్యేది. ఉన్నదాంతో ఇంకోటి చెయ్యడం మనకు చిన్నప్పుడే తెలుసు. టెక్నిక్ పెట్టెలో అదే పని లెక్క ప్రకారం జరుగుతుంది.

ఆ లెక్క ఏమిటో ముందు చూద్దాం.

టెక్నిక్ బీములో ఒక రంధ్రం నుంచి పక్క రంధ్రానికి దూరం 8 మిల్లీమీటర్లు. అన్ని పెట్టెల్లోనూ అంతే. 8 పళ్ల గేరు వ్యాసార్ధం 4 మిల్లీమీటర్లు, 24 పళ్ల గేరుది 12. రెండూ పక్కపక్కన పెడితే వాటి ఇరుసుల మధ్య దూరం 16, అంటే సరిగ్గా రెండు రంధ్రాలు. 16 పళ్ల గేర్లు రెండు పెట్టినా 8, 8 కలిసి అదే 16. 12 పళ్లది, 20 పళ్లది కలిపితే 6, 10, మళ్లీ 16. 40 పళ్లదానికి 8 పళ్లది జత చేస్తే 20, 4 కలిసి 24, అంటే మూడు రంధ్రాలు. లోడర్లో వేగం తగ్గించిన గేర్ల జత, లారీలో వేగం పెంచడానికి తిరగేసి వాడినా అవే రంధ్రాల్లో కూర్చుంటుంది. రెండో బండి సాధ్యం కావడానికి అసలు కారణం ఈ కొలతల క్రమశిక్షణే.

ఇది లెగో కనిపెట్టిన ఆలోచన కూడా కాదు. ఇంగ్లండులో లివర్‌పూల్‌కు చెందిన ఫ్రాంక్ హార్న్‌బీ 1901లో పేటెంటు తీసుకున్న లోహపు బొమ్మల వరస తర్వాత మెకానో అయింది. అందులో రంధ్రాల మధ్య దూరం అర అంగుళం. ఒకే పెట్టెతో ఎన్నో యంత్రాలు కట్టుకోవడమే దాని ఆకర్షణ. అదే పద్ధతిలో నట్లు, బోల్టులతో మన దేశంలో తయారైన మెకానిక్స్ పెట్టెతో మనలో చాలామంది ఆడుకున్నాం. దానికి ప్రధాన నమూనా, ప్రత్యామ్నాయ నమూనా అనే తేడా ఉండేది కాదు. పుస్తకంలో ఉన్నవన్నీ సమానమే. టెక్నిక్‌లో అలా కాదు. ముక్కల జాబితా తయారయ్యేది మొదటి బండి కోసం. రెండోది వచ్చి, ఉన్నదాంతో సంసారం నెట్టుకురావాలి. ఈ రెంటినీ పోల్చేటప్పుడు ఈ సంగతి మరిచిపోతే రెండోదానికి అన్యాయం చేసినట్టే.

నేను రెండు బండ్లనూ పోల్చడానికి నాలుగు ప్రశ్నలు వేసుకుంటాను. ఒకటి, రెండు యంత్రాల మధ్య చుట్టరికం ఏమిటి? రెండు, మొదటి బండి చేసే పనుల్లో రెండోది ఎన్ని చేస్తుంది? మూడు, ముక్కలు ఎన్ని మిగిలిపోయాయి, మిగిలినవి ఏ రకం? నాలుగు, రెండోది కట్టాక నాకు కొత్తగా తెలిసిందేమిటి? చూడ్డానికి ఏది బాగుంది అనే ప్రశ్న చివర వేసుకుంటే చాలు. ఆ పోటీలో సాధారణంగా మొదటిదే గెలుస్తుంది.

ఉదాహరణకు 2014లో వచ్చిన 42030. ముక్కలు 1636. ప్రధాన నమూనా వోల్వో ఎల్350ఎఫ్ లోడర్. ప్రత్యామ్నాయం వోల్వో ఏ25ఎఫ్ హాలర్, అంటే గనుల్లో, రోడ్ల పనుల్లో మట్టి మోసే బండి. రెండూ రిమోట్‌తో నడుస్తాయి. చుట్టరికం చూడండి. అసలు లోడర్ ముందు చక్రాలను తిప్పి మలుపు తిరగదు. బండి నడుముకే కీలు ఉంటుంది, అక్కడ మడతపడి తిరుగుతుంది. హాలర్ కూడా అంతే. అందుకే వరస కుదిరింది. నడుము కీలు తత్వం రెండింట్లోనూ ఒకటే.

తేడా పనిలో ఉంది. లోడర్‌కు నాలుగు పనులు: నడవడం, తిరగడం, చెయ్యి ఎత్తడం, బకెట్ వంచడం. హాలర్‌కు మూడే: నడవడం, తిరగడం, తొట్టి ఎత్తి కుమ్మరించడం. ఒక పని తగ్గింది. ఇంకో సంగతి. అసలు ఏ25ఎఫ్‌కు చక్రాలు ఆరు. లోడర్‌కు నాలుగే, కాబట్టి పెట్టెలో ఉన్న పెద్ద చక్రాలు కూడా నాలుగే. బొమ్మ హాలర్ ఆ నాలుగింటితోనే సరిపెట్టుకుంటుంది. "ఇది అసలు బండిలా లేదు" అని ఎవరైనా పెదవి విరిస్తే నేను ఎదురు ప్రశ్న వేస్తాను. ఆరు చక్రాలు ఎందుకు పెట్టారు, నాలుగైతే ఏం నష్టం? బురదలో బరువు పంచుకోవడానికి, గతుకుల్లో ఏ చక్రమూ గాల్లో లేవకుండా ఉండడానికి. లోపం కనిపించినప్పుడే ఆ ప్రశ్న పుడుతుంది. మొదటి బండి నిండుగా ఉంటుంది, దాన్ని చూసి మనం ఏమీ అడగం.

రెండో ఉదాహరణ 2013 నాటి 42009 మొబైల్ క్రేన్. ముక్కలు 2606. దీని రెండో రూపం కంటైనర్ స్టాకర్. రేవుల్లో, కంటైనర్ యార్డుల్లో పెట్టెలను ఎత్తి ఒకదాని మీద ఒకటి పేర్చే బండి. విశాఖ రేవు వైపు వెళ్లినవాళ్లకు పేర్చిన కంటైనర్ల గుట్టలు తెలిసే ఉంటాయి. క్రేన్‌కు ఒకదాంట్లోంచి ఒకటి జారి పొడుగయ్యే చెయ్యి ఉంటుంది. స్టాకర్‌కూ అలాంటి చెయ్యే కావాలి. అయితే క్రేన్ బరువును తాడుతో వేలాడదీస్తుంది, స్టాకర్ పైనుంచి పట్టుకుని లేపుతుంది. క్రేన్ పక్కకు తిరిగి పనిచేయాలి కాబట్టి కాళ్లు చాచి నిలబడుతుంది. స్టాకర్ బరువు పట్టుకునే నడవాలి కాబట్టి కాళ్లు చాపుకుని కూర్చోలేదు, వెనక భాగం బరువుగా ఉండాలి. తొమ్మిదో తరగతిలో మాస్టారు బల్ల మీద స్కేలు పెట్టి చెప్పిన భ్రామకాల సూత్రం ఇక్కడ రెండు రకాలుగా కళ్లకు కడుతుంది. ఒక్క క్రేనే కట్టి ఊరుకున్న పిల్లవాడికి సగమే కనిపిస్తుంది.

మూడోది 2016 నాటి 42055. 3929 ముక్కలు. ప్రధాన నమూనా బకెట్ వీల్ ఎక్స్‌కవేటర్. పెద్ద చక్రం చుట్టూ బకెట్లు బిగించి, చక్రం తిరుగుతూ నేలను తొలుస్తుంది, తవ్విన మట్టి బెల్టు మీద వెనక్కి పోతుంది. తమిళనాడులో నైవేలీ లిగ్నైట్ గనుల్లో ఇలాంటి అసలు యంత్రాలు పనిచేస్తున్నాయి. దీన్ని విప్పితే రాళ్లను వేరుచేసే సంచార ప్లాంటు వస్తుంది. ఇక్కడ చుట్టరికం రూపంలో లేదు, పనిలో ఉంది. రెండింటికీ ప్రాణం కన్వేయర్ బెల్టు. ఒకటి తవ్వి పంపిస్తే, ఇంకోటి అందుకుని ముందుకు పంపిస్తుంది. గనిలో పక్కపక్కన ఉండదగ్గ యంత్రాలు ఒకే పెట్టెలో చేరాయి. రెండో నమూనా ఎంచినవాళ్ల తెలివి అక్కడుంది.

నాలుగోది 2018 నాటి 42078. 2595 ముక్కలు. మాక్ ఆంథెమ్ లారీ, వెనక ట్రైలర్. దీని ప్రత్యామ్నాయం మాక్ ఎల్ఆర్, అమెరికా ఊళ్లలో చెత్త ఎత్తే లారీ. ఆంథెమ్‌కు ముందు పొడుగాటి మూతి ఉంటుంది, ఇంజన్ అందులో ఉంటుంది, డ్రైవరు దాని వెనక కూర్చుంటాడు. ఎల్ఆర్‌కు మూతి లేదు, అడుగడుగునా ఎక్కి దిగడానికి వీలుగా క్యాబిన్ బాగా కిందికి ఉంటుంది. అక్కడ దూరప్రయాణం, ఇక్కడ గుమ్మం గుమ్మం దగ్గర ఆగే పని. పని మారితే మనిషి కూర్చునే చోటు కూడా మారుతుందని ఈ పెట్టె చెబుతుంది. డిజైన్ చదివే పిల్లలకు దీన్ని మించిన మొదటి పాఠం నాకు తెలియదు.

పెద్ద పెట్టెలే అక్కర్లేదు. 42116 అనే చిన్న పెట్టెలో 140 ముక్కలే. స్కిడ్ స్టీర్ లోడర్ విప్పితే హాట్‌రాడ్ అనే పాతకాలపు షోకు కారు వస్తుంది. 177 ముక్కల 42147లో టిప్పర్ లారీ విప్పితే ఎక్స్‌కవేటర్. ఆరో తరగతి పిల్లలు రెండు పీరియడ్లలో రెండూ కట్టి పోల్చగలరు.

ఇప్పుడు రెండోదాని లోపాలు కూడా దాచకుండా చెప్పాలి.

మొదటిది, ముక్కలు మిగులుతాయి. మిగిలేవి ఎక్కువగా పైతొడుగు ప్యానెళ్లు, ప్రత్యేకమైన వంపు ముక్కలు. తక్కువపడేవి చాలాసార్లు కావలసిన పొడవున్న ఇరుసులు. పన్నెండు రంధ్రాల పొడవున్న ఇరుసు రెండే ఉంటే, మూడోచోట రెండు చిన్న ఇరుసులను జతకలిపే ముక్కతో అతకాలి. అతుకు అతుకే, కాస్త ఊగుతుంది. రెండోది, రంగులు. మొదటి బండికి పసుపు కనిపించాల్సిన చోట పసుపు ఉంటుంది. రెండోదానికి పసుపు పక్కన నలుపు, మధ్యలో బూడిద, ఎక్కడ ఏది దొరికితే అది. మూడోది, లోపల దాగి ఉండాల్సిన గేర్లు కొన్నిసార్లు బయటికి కనిపిస్తాయి. నాకు మాత్రం ఈ మూడోది లోపంగా తోచదు. బడిలో పెట్టే బొమ్మకు గేర్లు కనిపించడమే మేలు.

మరి అసలు రెండో నమూనా లేని పెట్టెల సంగతి? అవే ఇవాళ ఎక్కువ మోజు తెచ్చుకున్నాయి. 2016లో పోర్షే 911 జీటీ3 ఆర్ఎస్, 2704 ముక్కలు. 2018లో బుగాటి షిరాన్, 3599. 2020లో లంబోర్గిని సియాన్, 3696. అద్భుతమైన పనితనం, కాదనను. షిరాన్ గేర్‌బాక్సుకు ఎనిమిది గేర్లు. కట్టేటప్పుడు దాన్ని అర్థం చేసుకోగలిగితే ఇంజనీరింగు కాలేజీలో ఒక అధ్యాయం ముగిసినట్టే. కానీ వీటిలో కంపెనీ ఇచ్చే రెండో బండి లేదు. ఆ కారుకు సరిపోయే వంపులతో చేసిన తొడుగు ఇంకో బండి మీద అంత సులువుగా ఒదగదు. కొనేవాళ్లు కూడా ఎక్కువగా పెద్దవాళ్లు. కట్టి, అద్దాల బీరువాలో పెట్టి, దుమ్ము దులుపుకుంటారు. ఇంట్లో అది వాళ్ల ముచ్చట, తప్పులేదు. బడి బీరువాలో పెడితే మాత్రం ఒక్క బ్యాచ్ కడుతుంది, తర్వాత నలభై బ్యాచ్‌లు అద్దంలోంచి చూస్తాయి.

మధ్యాహ్నం సమావేశంలో తేల్చుకోవలసింది ఇదే. వచ్చిన సలహాల్లో, అందరికీ కనిపించేలా ఒక పెద్ద కారు కట్టించి ప్రవేశద్వారం దగ్గర గాజు పెట్టెలో ఉంచుదామన్నది ఒకటి. సలహా ఇచ్చినవారు నాకు ఆప్తులు, వారి ఉత్సాహం నాకు తెలుసు. కింద ఫలకం మీద సంఘం పేరు ఉంటుంది, ఫొటోకు బాగుంటుంది. నేను ఒప్పుకోలేకపోతున్నది అక్కడే. ఆ డబ్బుతో రెండో నమూనా ఉన్న చిన్న, మధ్యరకం పెట్టెలు చాలా వస్తాయి. అవి ఏటా విప్పబడతాయి, ఏటా కట్టబడతాయి.

నా విన్నపాలు నాలుగు.

రెండో నమూనా ఉన్న పెట్టెలే కొందాం. ఒక్కో రకానికి రెండేసి కొందాం. అప్పుడు ఒక జట్టు ఏ మోడల్, ఇంకో జట్టు బీ మోడల్ కట్టి, రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. ఒక్క పెట్టే ఉంటే ఈ పోలిక జ్ఞాపకం మీదే జరగాలి.

రెండో నమూనా కాగితాలు నెట్‌లో ఉన్నాయి కదా అని వదిలేయకుండా, ముద్రించి బైండు చేయించి పెట్టెతోపాటు ఉంచుదాం. కాగితం చేతిలో లేకపోతే ఆ రెండో బండి ఎప్పటికీ ఎవరూ కట్టరు.

పోల్చిన సంగతులు పిల్లలు నోటుబుక్కులో రాయాలి. నేను చెప్పిన నాలుగు ప్రశ్నలే చాలు. మిగిలిన ముక్కలు లెక్కపెట్టి రాయాలి. గేర్ల పళ్లు లెక్కపెట్టి నిష్పత్తి కట్టాలి. 8 పళ్లది 24 పళ్లదాన్ని తిప్పితే వేగం మూడో వంతు, తిప్పే బలం రాపిడి పోగా మూడు రెట్లు. వార్మ్ గేరు ఇరవైనాలుగు చుట్లు తిరిగితే గాని 24 పళ్ల గేరు ఒక్క చుట్టు తిరగదు, పైగా గేరు పక్కనుంచి తిప్పుదామంటే కదలనే కదలదు. అందుకే క్రేన్ కొక్కెం చెయ్యి వదిలినా జారిపోదు. ఇవి పరీక్షలో వచ్చే ప్రశ్నలే, కాకపోతే ఇక్కడ చేత్తో తిప్పి చూసుకోవచ్చు.

ఇక నాలుగోది. పీరియడు అయిపోయే ముందు పది నిమిషాలు ముక్కలు లెక్కపెట్టి సర్దడానికే కేటాయించాలి. నల్ల పిన్ను బిగువుగా పడుతుంది, కీలుకు వాడే లేతరంగు పిన్ను వదులుగా తిరుగుతుంది. ఇరుసుల్లో చాలావరకు సరిసంఖ్య పొడవువి నలుపు, బేసివి బూడిద. ఇవి తెలిస్తే సర్దడం తేలిక. ఒక్క చిన్న గేరు పోయినా పెట్టె మొత్తం కుంటుపడుతుంది. ఈ పని మాస్టార్ల మీద పడకూడదు, పిల్లలే చేయాలి.

"ఇంత ఖరీదు అవసరమా, మెకానిక్స్ పెట్టెలు కొంటే పోదా?" అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. కొన్ని అవీ కొందాం. నట్టు బిగించడం, స్పానరు పట్టడం వాటితోనే వస్తుంది. డిఫరెన్షియల్, గేర్‌బాక్సు లాంటివి సాఫీగా తిరగడం చూపించాలంటే మాత్రం టెక్నిక్ మేలు. రెండూ ఉంటే పిల్లలు వాటినీ పోల్చుకుంటారు.

మాస్టార్లకు ఒక మాట. మన చదువుల్లో ప్రతి లెక్కకూ ఒకటే సమాధానం, పుస్తకం వెనక పేజీలో ఉంటుంది. ప్రధాన నమూనా అలాంటిది. ముక్కలన్నీ అయిపోతాయి, బొమ్మ అట్ట మీద ఉన్నట్టే వస్తుంది, పిల్లవాడికి సంతోషం. ప్రత్యామ్నాయ నమూనా ఇంకో సంగతి నేర్పుతుంది. ఉన్న ముక్కలు ఇవి, కావలసిన పని ఇది, ఏది వదులుకుంటే ఏది నిలుస్తుంది? నేను పనిచేసిన ముప్పై ఏళ్లలో కావలసిన ముక్కలన్నీ చేతికి అందించి, ఇక చెయ్యవోయ్ అన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఫలానా స్టీలు లేదు, ఫలానా బేరింగు దొరకదు, గడువు మాత్రం శుక్రవారం. ఈ సభలో రైతులున్నారు, వర్తకులున్నారు, నర్సులున్నారు, కంపెనీ మూతపడ్డాక వేరే పని నేర్చుకుని నిలదొక్కుకున్నవాళ్లున్నారు. వాళ్లకు ఈ మాట నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

పిల్లలూ, మీకు చివరిగా ఒకటి. ఏ మోడల్, బీ మోడల్ రెండూ కట్టాక కాగితాలు పక్కన పెట్టండి. అవే ముక్కలతో మూడో బండి మీ బుర్రతో కట్టండి. ఎడ్లబండి కట్టండి, ఆటో కట్టండి, వరికోత యంత్రం కట్టండి. ప్రపంచంలో చాలామంది అభిమానులు ఇలా సొంత నమూనాలు చేస్తూనే ఉన్నారు. కొన్నిసార్లు అవి కంపెనీవాళ్ల రెండో నమూనాకన్నా మెరుగ్గా ఉంటాయి కూడా. వచ్చే వార్షికోత్సవానికి మీరు కట్టిన మూడో బండి ఈ బల్ల మీద ఉండాలి. దాన్ని విప్పి చూసే హక్కు మాత్రం నాకివ్వాలి.

మధ్యాహ్నం రెండున్నరకు సమావేశం. భోజనం చేసి అందరూ రండి, మీ మాట చెప్పండి.  సెలవు.